లెన్స్ వెనక 52 మిల్లీమీటర్లు

కెమెరా డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన కుర్రాడికి సీనియర్లు మొదట్లోనే చెప్పే మాట ఒకటుంది: వైడ్‌లో భయం లేదు, అంతా ఫోకస్‌లోనే ఉంటుంది, జాగ్రత్త పడాల్సింది టెలీలో. ఆ మాటలో అబద్ధం లేదు. 24 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీస్తున్నప్పుడు నటుడు ఒక అడుగు ముందుకేసినా వెనక్కేసినా ముఖం మసకబారదు. 200 మిల్లీమీటర్లలో అదే నటుడు మాట మధ్యలో కాస్త ముందుకు వంగితే చాలు, కంటి మీదున్న ఫోకస్ చెవి మీదికి జారిపోతుంది. ఫోకస్ పుల్లర్ ప్రాణమంతా టెలీ షాట్ల మీద ఉండేది ఇందుకే.

జూమ్ లెన్స్ దగ్గర మాత్రం ఈ మాట సగమే పనిచేస్తుంది. ఒక పాటలో చివరి షాట్ అనుకుందాం. కెమెరా స్టాండు మీద కదలకుండా ఉంది. నాయిక మెట్ల మీద కదలకుండా కూర్చుంది. టెలీ చివరన ఆమె కళ్ల మీద ఫోకస్ పెట్టారు. కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయి. అక్కణ్ణుంచి నెమ్మదిగా జూమ్ అవుట్ మొదలైంది. ముఖం చిన్నదవుతూ, చుట్టూ మెట్లు, మెట్ల వెనక గోపురం, దాని వెనక కొండ ఫ్రేములోకి వచ్చాయి. ఆ సరికి ముఖం సాఫ్ట్ అయిపోయింది. ఫోకస్ రింగును ఎవరూ ముట్టుకోలేదు. మనిషీ కదల్లేదు, కెమెరా కూడా కదల్లేదు. భయం లేదని చెప్పిన వైడ్‌లోనే బొమ్మ చెడిపోయింది.

దీనికి కారణం లెన్స్‌కి ముందు ఎక్కడా దొరకదు, వెనక ఉంది. లెన్స్ మౌంట్ ఆనుకునే లోహపు అంచు నుంచి సెన్సర్ దాకా ఉండే దూరాన్ని ఫ్లాంజ్ దూరం అంటారు. సినిమా కెమెరాల్లో ఎక్కువగా కనిపించే పీఎల్ మౌంట్‌కి అది 52 మిల్లీమీటర్లు. ఈ దూరం ఒక వెంట్రుకవాసి తేడాగా ఉన్నా, లెన్స్ లోపలి వెనక గ్రూపు తన చోటు నుంచి అంతే జరిగినా, వైడ్‌కి వచ్చేసరికి జూమ్ మాట తప్పుతుంది. దాన్ని సరిచేసే పనినే బ్యాక్ ఫోకస్ సెట్ చేయడం అంటారు. సినిమా పనుల్లో ఇంత తక్కువమంది కంటపడే పని మరొకటి ఉండకపోవచ్చు. ఇది సరిగ్గా జరిగితే ప్రేక్షకుడికే కాదు, దర్శకుడికి కూడా ఏమీ కనిపించదు.

అసలు చిక్కు ఏమిటంటే, లెన్స్‌కి రెండు వైపులా రెండు రకాల లోతులున్నాయి. ముందున్నది అందరికీ తెలిసిన డెప్త్ ఆఫ్ ఫీల్డ్. నటుడు ఎంత మేర కదిలినా స్పష్టంగా ఉంటాడో చెప్పేది. వెనకున్నది డెప్త్ ఆఫ్ ఫోకస్. సెన్సర్ ఎంత మేర అటూ ఇటూ ఉన్నా బొమ్మ స్పష్టంగా పడుతుందో చెప్పేది. ముందు లోతు వైడ్‌కి వెళ్లేకొద్దీ పెరుగుతుంది. వెనక లోతు అలా పెరగదు. అది దాదాపుగా ఐరిస్ ఎంత తెరిచారన్న దాని మీదే ఆధారపడుతుంది. ఐరిస్ 2.8 దగ్గర ఉండి, 0.025 మిల్లీమీటర్ల మసకను క్షమించవచ్చు అనుకుంటే, సెన్సర్‌కి అటు 0.07, ఇటు 0.07 మిల్లీమీటర్ల వెసులుబాటు మాత్రమే దొరుకుతుంది. లెన్స్ 24 అయినా 290 అయినా అంతే. సీనియర్ చెప్పిన ధైర్యం ముందు లోతు గురించి. ఆ ధైర్యాన్ని వెనక లోతుకి కూడా వర్తింపజేసినప్పుడే షాట్ పోతుంది.

ఆంజెనూ కంపెనీ ఆప్టిమో 24–290 జూమ్‌నే తీసుకుని లెక్క వేసి చూడవచ్చు. పన్నెండు రెట్ల జూమ్, ఐరిస్ పూర్తిగా తెరిస్తే టి 2.8, బరువు సుమారు 11 కిలోలు. ప్రపంచమంతటా సినిమా సెట్ల మీద పనిచేసిన లెన్స్ అది. దాన్ని 24 దగ్గర పెడితే, మూడు మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషి నుంచి ఆకాశం అంచున కనిపించే కొండ దాకా ఉన్న ప్రపంచమంతా లెన్స్ వెనక 0.2 మిల్లీమీటర్ల లోపలే ఇమిడిపోతుంది. జిరాక్స్ కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటర్, అంటే రెండు కాగితాల మందంలో మనిషీ, గుడీ, కొండా, చంద్రుడూ వరుసగా సర్దుకున్నట్టే. అదే లెన్స్‌ని 290 దగ్గర పెడితే, అదే మనిషి నుంచి అదే కొండ దాకా ఉన్న ప్రపంచం వెనకవైపు మూడు సెంటీమీటర్లకు పైగా పరుచుకుంటుంది.

ఇప్పుడు ఫ్లాంజ్ దూరం 0.05 మిల్లీమీటర్లు ఎక్కువగా ఉందనుకుందాం. సగం కాగితం. 290 దగ్గర మూడు మీటర్ల దూరంలోని ముఖం మీద ఫోకస్ పట్టడానికి ఫోకస్ పుల్లర్ రింగును నాలుగైదు మిల్లీమీటర్ల దూరానికి సరిపడా జరిపితే చాలు. ఆ తేడా ఎవరికీ తెలియదు, గీత మీద గీత కూర్చున్నట్టే ఉంటుంది. కానీ 24 దగ్గర అదే సగం కాగితం ఫోకస్‌ను మూడు మీటర్ల నుంచి రెండున్నర మీటర్ల లోపలికి లాగేస్తుంది. రింగును అనంతం గుర్తు దాకా తిప్పినా లెన్స్ చూపు పదకొండున్నర మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. గండికోటలో పెన్నా లోయను వైడ్‌లో తీయాలనుకుంటే ఇవతలి అంచు మీది రాళ్లు షార్ప్‌గా ఉంటాయి. ఎంత తిప్పినా అవతలి గోడ పదును తేలదు.

మసక ఎంత ఉంటుంది? 2.8 దగ్గర 0.05 తేడా సెన్సర్ మీద 0.018 మిల్లీమీటర్ల మసక వలయాన్ని ఇస్తుంది. చాలాకాలం తెలుగు సినిమాల్లోనూ వాడిన అలెక్సా కెమెరాలో వెలుతురు పట్టే ఒక్కో గడి 0.00825 మిల్లీమీటర్లు. అంటే ఒక గడిలో ఉండాల్సిన చుక్క రెండు గడులు దాటి పాకుతుంది. షూటింగ్‌లో ఏడంగుళాల మానిటర్ మీద ఈ మసక మిల్లీమీటర్‌లో పదో వంతు. ఎంత మంచి కన్నయినా పట్టలేదు. నలభై అడుగుల తెర మీద అదే తొమ్మిది మిల్లీమీటర్లు అవుతుంది. వైడ్ షాట్‌లో నటి కళ్లు ఎంత చిన్నగా ఉంటాయో, ఆ కళ్ల మీద తొమ్మిది మిల్లీమీటర్లు అంటే ఏమిటో ఊహించుకోవచ్చు. సంగతి బయటపడేది సెట్ తీసేసి, నటుల డేట్లు అయిపోయాక, పెద్ద తెర మీద రంగులు సరిచేసే గదిలో.

ఐరిస్‌ను 8 దాకా మూస్తే అదే తేడా 0.006 మిల్లీమీటర్లకు తగ్గి ఒక్క గడిలోపు దాక్కుంటుంది. మధ్యాహ్నపు ఎండలో తీసిన షాట్లు బాగుండి, సాయంత్రం దీపాల వెలుగులో తీసినవి సాఫ్ట్‌గా వచ్చాయంటే లెన్స్ సాయంత్రం చెడిపోయిందని కాదు. పొద్దుటి నుంచీ ఉన్న లోపం ఐరిస్ తెరిచాక కనిపించింది. బ్యాక్ ఫోకస్ పరీక్షకు మొదటి షరతు అందుకే ఐరిస్ పూర్తిగా తెరవడం. వెలుతురు ఎక్కువైతే గదిలో లైటు తగ్గించుకోవాలి, లేదా లెన్స్ ముందు వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టుకోవాలి.

పరీక్షకు కావాల్సిన సామాను తక్కువ. గోడకు ఒక సీమెన్స్ స్టార్ చార్టు. మధ్య నుంచి చుట్టూ విచ్చుకునే నలుపు తెలుపు చీలికలు. ఫోకస్ తప్పితే మధ్యలో చీలికలు కలిసిపోయి బూడిదరంగు మచ్చ పెద్దదవుతుంది, ఫోకస్ కుదిరేకొద్దీ ఆ మచ్చ కుంచించుకుపోతుంది. కెమెరాను కదలని స్టాండు మీద పెట్టి, టెలీ చివరికి వెళ్లి, ముందున్న ఫోకస్ రింగుతో మచ్చను వీలైనంత చిన్నది చేస్తారు. తర్వాత వైడ్ చివరికి వచ్చి, ఈసారి ఫోకస్ రింగును ముట్టుకోకుండా, వెనక బ్యాక్ ఫోకస్‌ను సవరిస్తారు. మళ్లీ టెలీ, మళ్లీ ముందు రింగు. మళ్లీ వైడ్, మళ్లీ వెనక. రెండు చివరలా మచ్చ చిన్నదిగా నిలిచేదాకా ఇదే వరుస.

ఈ వరుసను చాలామంది మంత్రం బట్టీపట్టినట్టు నేర్చుకుంటారు. దాని వెనకున్న లెక్క తెలిస్తే అందం ఇంకా ఎక్కువ. సంప్రదాయ సినిమా జూమ్ లోపల నాలుగు జట్ల గాజులుంటాయి. ముందు ఫోకస్ గ్రూపు. దాని వెనక కదులుతూ బొమ్మను పెద్దదీ చిన్నదీ చేసే వేరియేటర్. వేరియేటర్ కదిలినప్పుడు ఫోకస్ చెదరకుండా కాపుకాసే కంపెన్సేటర్. చివర్లో, ముందువాళ్లు పంపిన కాంతిని సెన్సర్ మీదికి దించే రిలే గ్రూపు. ఫోకస్ గ్రూపులో పొరపాటు ఉంటే అది జూమ్ గుండా ప్రయాణిస్తూ నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) వర్గంతో పాటు పెరుగుతుంది. వెనక పొరపాటు జూమ్ దాటాక పుట్టేది కాబట్టి టెలీలోనూ వైడ్‌లోనూ ఒకేలా ఉంటుంది. 24–290 లెన్స్‌లో ముందు రింగుకి టెలీ దగ్గర ఉన్న బలం వైడ్ దగ్గర ఉన్నదానికి 146 రెట్లు. పన్నెండు రెట్లు కాదు, పన్నెండు చొప్పున పన్నెండు సార్లు.

టెలీ దగ్గర ముందు రింగు తిప్పినప్పుడు అది వెనక లోపాన్ని కూడా తన నెత్తిన వేసుకుని కప్పేస్తుంది; అందుకు అది జరిగేది ఇసుమంతే. వైడ్‌కి రాగానే ఆ ఇసుమంత జరుపు బలం 146వ వంతుకి పడిపోతుంది, వెనక లోపం దాదాపు మొత్తంగా బయటపడుతుంది. అప్పుడు వెనక సవరిస్తే మిగిలేది మొదటి లోపంలో 146వ వంతు. రెండో చుట్టు తిరిగితే అందులో 146వ వంతు. అందుకే పెద్ద జూమ్‌కి రెండు మూడు చుట్లు చాలు. అదే 28–76 లాంటి చిన్న జూమ్‌లో చుట్టుకి ఏడో వంతుకే తగ్గుతుంది. చిన్న లెన్స్ కదా అని ఒక్క చుట్టుతో వదిలేసేవాళ్లు పొరపడుతున్నారు. ఓపిక ఎక్కువ కావాల్సింది దానికే.

ఇదే పనిని తిరగేసి చేస్తే, అంటే వైడ్‌లో ముందు రింగు, టెలీలో వెనక సవరణ పెట్టుకుంటే, లోపం చుట్టుకి 146 రెట్లు పెరుగుతుంది. అవే చేతులు, అదే చార్టు, అవే రెండు కదలికలు. వరుస ఒక్కటే మారింది. నిజానికి రెండో చుట్టులోనే రింగు ఇక తిరగనని మొరాయిస్తుంది. లెన్స్ పాడైందని పెట్టెలో పెట్టి పంపేసే సందర్భాల్లో కొన్నయినా ఇలాంటివే. పొరపాటు ఎక్కడ కనిపించిందో అక్కడే చేయి వేయడం సహజమైన తొందర. టెలీలో కనిపించింది కదా అని అక్కడ ముందు రింగుతోనే సర్దుకుంటూ పోతే సినిమా అంతా అలాగే నడుస్తుంది. క్లోజప్పులన్నీ బాగుంటాయి, వైడ్ షాట్లన్నీ కొంచెం కొంచెంగా మెత్తగా వస్తాయి. ఏ రింగుకి ఏ చివర బలముందో తెలుసుకోవడంలోనే ఈ పని నేర్పంతా ఉంది.

స్టాన్లీ కుబ్రిక్ 1975లో తీసిన ‘బారీ లిండన్’ చూసినవాళ్లకి అందులోని నెమ్మదైన జూమ్ అవుట్లు గుర్తుండే ఉంటాయి. ఒక చిన్న వివరంతో మొదలై, మెల్లగా వెనక్కి తగ్గి, మొత్తం ప్రకృతి చిత్రంగా విచ్చుకుంటాయి. బ్యాక్ ఫోకస్ దృష్టితో చూస్తే ఇంతకంటే కఠినమైన పరీక్ష లేదు. ఫోకస్ టెలీ దగ్గర నిర్ణయమైపోయింది, వైడ్‌కి వచ్చేదాకా దాన్నే నమ్ముకోవాలి. ఛాయాగ్రాహకుడు జాన్ ఆల్కాట్ వాడిన 24–480 జూమ్‌ను సినిమా ప్రొడక్ట్స్ సంస్థ అధిపతి ఎడ్ డిజూలియో సిద్ధం చేయించాడు. దాని వెలుతురు టి 9 మాత్రమే. ఈ రోజుల్లో అంత మందకొడి లెన్స్‌ను ఎవరూ ఇష్టపడరు. కానీ ఆ మందకొడితనమే వెనక లోతును 2.8తో పోలిస్తే మూడు రెట్లకు పైగా పెంచింది. ఆరుబయలు వెలుగులో తీసిన ఆ షాట్లకి టి 9 శాపం కాలేదు, కాపలా అయింది.

అదే సినిమాలో కొవ్వొత్తుల వెలుగులో తీసిన దృశ్యాలు దీనికి సరిగ్గా ఎదురు కొస. వాటికి వాడింది నాసా కోసం జైస్ తయారుచేసిన 50 మిల్లీమీటర్ల ఎఫ్ 0.7 లెన్స్. దాని చివరి గాజు ఫిల్మ్‌కి నాలుగు మిల్లీమీటర్ల దూరంలోకి రావాలి. మిచెల్ కెమెరాను అందుకోసం కోసి, లోపల చోటు చేశారు. ఆ తర్వాత ఆ కెమెరా ఆ లెన్స్‌కే అంకితమైపోయింది. 0.7 దగ్గర వెనక వెసులుబాటు లెక్కకడితే అటు 0.0175, ఇటు 0.0175 మిల్లీమీటర్లు. ఆ దృశ్యాల్లో నటులు శిల్పాల్లా ఎందుకు కూర్చున్నారో ముందు లోతు చెబుతుంది. ఆ కెమెరాను సిద్ధం చేసినవాళ్లు ఎంత నిష్ఠగా పనిచేశారో వెనక లోతు చెబుతుంది.

మన దేశంలో జూమ్‌ను భావం కోసం వాడిన తొలినాటి గొప్ప ఉదాహరణ సత్యజిత్ రాయ్ ‘చారులత’, 1964. చారు పిడి ఉన్న కంటద్దాలతో కిటికీల్లోంచి వీధిని చూస్తుంది, తనను గమనించకుండా వరండాలో నడిచిపోయే భర్తనూ అవే అద్దాలతో చూస్తుంది. ఆ చేయి కిందికి దిగుతుండగా కెమెరా వేగంగా వెనక్కి జూమ్ అవుతుంది. ఆమెకీ ఇంటికీ మధ్యనున్న దూరం ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. ఆ క్షణంలో బొమ్మ మెత్తబడి ఉంటే ప్రేక్షకుడు ఒంటరితనాన్ని కాకుండా లెన్స్‌ను గమనించేవాడు.

ఇంతకీ 52 అనే అంకె ఎక్కడిది? దీనికి సమాధానం లెన్స్‌లో లేదు, అద్దంలో ఉంది. మ్యూనిక్‌లో 1917లో మొదలైన ఆరీ కంపెనీ 1937లో ఆరిఫ్లెక్స్ 35 కెమెరా తెచ్చింది. అందులో షట్టరే అద్దం. ఏటవాలుగా అమర్చిన ఆ అద్దం తిరుగుతూ, ఫిల్మ్‌కి వెలుతురు అవసరం లేని క్షణాల్లో దాన్ని కెమెరామన్ కంటికి మళ్లిస్తుంది. ఆ అద్దం తిరగాలంటే లెన్స్‌కీ ఫిల్మ్‌కీ మధ్య చోటు కావాలి. అందుకే ఆరీ మౌంట్లలో 52 మిల్లీమీటర్లు స్థిరపడింది, 1982లో వచ్చిన పీఎల్ కూడా దాన్నే నిలబెట్టుకుంది. డిజిటల్ కెమెరాల్లో చాలావాటికి తిరిగే అద్దమే లేదు. అయినా ప్రపంచమంతటా పోగుపడిన లెన్సుల కోసం ఆ ఖాళీ అలాగే ఉంది. 2018లో వచ్చిన ఎల్‌పీఎల్ మౌంట్‌లో గానీ ఆరీ దాన్ని 44కి తగ్గించలేదు.

52 ఖాళీ ఉంచి 24 మిల్లీమీటర్ల లెన్స్ చేయడం మామూలు విషయం కాదు. మామూలు కటకం నాభ్యంతరం 24 అయితే అది ఫిల్మ్‌కి ఇంచుమించు అంత దగ్గరికి రావాల్సిందే. ఈ ముడిని విప్పినవాళ్లలో ముఖ్యుడు ఫ్రాన్స్‌లోని సాంతెతియెన్ పక్కన సాంతియాఁ అనే ఊళ్లో పుట్టిన పియర్ ఆంజెనూ. 1935లో కంపెనీ పెట్టిన ఆయన 1950లో రెట్రోఫోకస్ లెన్స్ తెచ్చాడు. ముందు పుటాకార గ్రూపు, వెనక కుంభాకార గ్రూపు పెట్టి, లెన్స్ దూరంగా ఉన్నా వైడ్‌గా చూసేట్టు చేశాడు. ఆ తర్వాత ఆయన జూమ్‌ల వైపు మళ్లాడు. పది రెట్ల జూమ్‌కి అమెరికా సినిమా అకాడమీ సాంకేతిక పురస్కారం ఇచ్చింది. వెనక దూరాన్ని జయించిన మనిషే జూమ్‌ను సినిమాకి అలవాటు చేయడం కాకతాళీయం కాదనిపిస్తుంది. రెండూ కాంతి చివరి గాజు దాటాక ఎక్కడ దిగుతుందన్న ప్రశ్న చుట్టూ తిరిగినవే.

ఇక సెట్‌కి వద్దాం. జూమ్ నిలవడం లేదు. తప్పు లెన్స్‌దా, కెమెరాదా? ఇద్దరు అనుమానితులున్నప్పుడు ఒకరిని విడిగా ప్రశ్నించాలి. ఇదే లెన్స్‌ను రెండో కెమెరాకి పెట్టి చూడాలి. ఇదే కెమెరాకి రెండో లెన్స్ పెట్టి చూడాలి. అన్ని లెన్సులూ తప్పుతుంటే కెమెరా మౌంట్ చూడాలి. ఈ లెన్స్ ఒక్కటే అన్ని కెమెరాల మీదా తప్పుతుంటే లెన్స్ బెంచ్ మీదికి వెళ్లాలి. వినడానికి ఇది చాలా మామూలు సంగతి. కానీ షూటింగ్ పొద్దున ఏడింటికి ఉండి, ఉన్నది ఒకే కెమెరా అయినప్పుడు చాలామంది చేసేది వేరు. కెమెరా తప్పుకు తగ్గట్టుగా లెన్స్‌ను మార్చేస్తారు. ఆ రోజుకి పని జరుగుతుంది. ఆ లెన్స్ రేపు ఇంకో యూనిట్‌కి, ఇంకో కెమెరాకి వెళ్తుంది. అక్కడ దాని తప్పేమిటో ఎవరికీ అంతుపట్టదు. 52 అన్నది రెండు వైపులవాళ్లూ చేసుకున్న ఒప్పందం. ఒక పక్కవాళ్లు తమ అవసరానికి దాన్ని సవరిస్తే మూడోవాడు నష్టపోతాడు. లెన్సులు అద్దెకిచ్చే సంస్థలు తమ బెంచ్ మీద తప్ప షిమ్ మార్చనివ్వకపోవడానికి కారణమిదే. ఆ కట్టుబాటు సరైనదే, ఎంత తొందరలోనూ దాన్ని దాటకూడదు.

షిమ్ అంటే మౌంట్ కింద పెట్టే పలుచని రేకు. మిల్లీమీటర్‌లో వందో వంతు దాకా వేర్వేరు మందాల్లో దొరుకుతుంది. ఎక్కువ సినిమా లెన్సుల్లో బ్యాక్ ఫోకస్‌ను సవరించేది దీంతోనే. మౌంట్ విప్పి, ఒక రేకు తీసి లేదా చేర్చి, మళ్లీ బిగిస్తారు. బెంచ్ మీద లెన్స్‌ను కెమెరాకి పెట్టరు. ఖచ్చితంగా 52 మిల్లీమీటర్ల దగ్గర సన్నని గీతలున్న గాజు పలక పెట్టి, దాని బొమ్మను లెన్స్ గుండా గోడ మీదికి ప్రొజెక్ట్ చేస్తారు. టెక్నీషియన్ టేపుతో దూరం కొలిచి, రింగు మీది గుర్తుకీ గోడ మీది పదునుకీ పొత్తు కుదిరిందా అని చూస్తాడు. లెన్స్ నిజం చెబుతోందా అన్నది ఆ చీకటి గదిలో ఏ కెమెరా సాక్ష్యమూ లేకుండా తేలుతుంది.

తెలుగు నేల మీద ఈ పనిని రోజూ చేతులారా చేసినవాళ్లు సినిమావాళ్ల కంటే వార్తా చానళ్ల కెమెరామన్లే. 1995లో ఈటీవీ మొదలైంది, తర్వాతి ఏళ్లలో వార్తా చానళ్లు వరుసకట్టాయి. వాళ్లు భుజాన మోసిన కెమెరాల లెన్సులకు వెనక చివరన ఒక సన్నని రింగు, దానికొక చిన్న లాక్ మర ఉండేవి. ఆ కెమెరాల్లో కాంతి ఒక పట్టకంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలంగా విడిపోయి మూడు చిన్న సెన్సర్ల మీద పడుతుంది. పది మిల్లీమీటర్ల వెడల్పు కూడా లేని సెన్సర్ కాబట్టి వెనక వెసులుబాటు సినిమా కెమెరా కంటే తక్కువ. లెన్స్ మార్చినా, జీపులో కుదుపులు ఎక్కువైనా, టెలీలో పట్టి, వైడ్‌లో సవరించి, లాక్ బిగించాకే రికార్డు నొక్కాలన్నది అక్కడి పని పాఠం. అలా పెరిగినవాళ్లు సినిమా జూమ్ చేతికొచ్చినప్పుడు వెనక రింగు కోసం తడుముకోవడం సహజం. ఖరీదు తక్కువగా ఉండాలని ఫ్యూజినాన్ 2017లో తెచ్చిన ఎంకే జూమ్‌ల్లో ఆ సవరణ లెన్స్ మీదే ఉండటం మంచి ఆలోచన.

పెళ్లి వీడియోలు, షార్ట్ ఫిల్ములు తీసేవాళ్ల దగ్గర చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. సోనీ ఈ మౌంట్ ఫ్లాంజ్ దూరం 18 మిల్లీమీటర్లు. పీఎల్ జూమ్‌ను దానికి తగిలించాలంటే మధ్యలో సరిగ్గా 34 మిల్లీమీటర్ల ఎడాప్టర్ కావాలి. చవక ఎడాప్టర్లలో చాలావాటిని కావాలనే కొంచెం పొట్టిగా చేస్తారు. అలా చేస్తే లెన్స్ అనంతం దాటి కూడా చూస్తుంది. కొన్నవాడికి కొండలు షార్ప్‌గా వస్తాయి, ఫిర్యాదు ఉండదు. ఒకే నాభ్యంతరం ఉన్న లెన్స్‌కి ఆ సర్దుబాటు సరిపోతుంది, రింగు మీది అంకెలు మాత్రం తప్పుతాయి. జూమ్‌కి ఆ సర్దుబాటు పనికిరాదు. ఖరీదు పెట్టి కొన్న లెన్స్‌ను చవగ్గా కొన్న రింగు ఓడిస్తుంది.

వేడి సంగతి కూడా చూడాలి. అల్యూమినియం డిగ్రీకి లక్ష భాగాల్లో సుమారు 2.3 చొప్పున సాగుతుంది. ఏసీ వ్యానులో 24 డిగ్రీల దగ్గరున్న కెమెరాను మే నెలలో విజయవాడ ఎండలోకి, 44 డిగ్రీల్లోకి తెస్తే 52 మిల్లీమీటర్ల లోహం 0.024 పెరుగుతుంది. సగం కాగితంలో సగం. ఒక్క దానితో షాట్ పోదు. కానీ అప్పటికే కొంచెం తప్పున్న మౌంట్‌కి అది తోడైతే పోతుంది. అందుకే కెమెరా తీసిన వెంటనే కాకుండా, ఆన్ చేసి అది ఒక వేడి దగ్గర నిలకడగా కుదురుకున్నాక చూడాలి. లెన్స్ వెనక పెట్టే గాజు, జిలెటిన్ ఇంకో మోసం. చదునైన గాజు తన మందంలో సుమారు మూడో వంతు మేర ఫోకస్‌ను వెనక్కి నెడుతుంది. పూర్వం లెన్స్ వెనక 0.1 మిల్లీమీటర్ల జిలెటిన్ ఫిల్టర్ తగిలించినప్పుడు కూడా 0.03 తేడా వచ్చేది. లోపలే ఎన్‌డీ ఉన్న కెమెరాల్లో ఎన్‌డీ తీసేసినప్పుడు ఆ చోట అంతే మందమున్న తెల్లగాజు వచ్చి కూర్చుంటుంది. వెలుతురు కోసం కాదు, ఈ మూడో వంతు కోసం. ఫిల్మ్ ఉన్న రోజుల్లో పూత పొరల మందం కొంత, గేటులో ఫిల్మ్ ఊగిసలాట కొంత కలిసి ఏ తప్పునూ మరీ తీవ్రంగా కనిపించనిచ్చేవి కావు. సెన్సర్ చదునుగా, కదలకుండా కూర్చుని ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది.

ఇదంతా తెలిసిన ఛాయాగ్రాహకులు షూటింగ్‌కి ముందు ఒక పూట కెమెరా టెస్ట్ అడుగుతారు. బడ్జెట్ బిగించేటప్పుడు మొదట తెగిపడేది కూడా ఆ పూటే. తెరిచిన ఐరిస్, ఒక చార్టు, ఒక టేపు, మరో కెమెరా, మరో లెన్స్, పెద్ద మానిటర్. ఆ పూటకి కావాల్సింది ఇంతే. దాన్ని ఖర్చు కింద రాసే నిర్మాత, వైడ్‌లో మెత్తబడిన క్లైమాక్స్‌ను మళ్లీ తీయడానికి ఎంతవుతుందో కూడా పక్కన రాసుకోవాలి. ఆ పూటను కాపాడుకోవడానికి ఫోకస్ పుల్లర్ పట్టుబడితే ఛాయాగ్రాహకుడు అతని వెనక నిలబడాలి.

ఆ పూటలో కూడా ఒక మెట్టు తరచూ జారిపోతుంది. షిమ్ మార్చిన ప్రతిసారీ మౌంట్ స్క్రూలు విప్పి మళ్లీ బిగించాలి. ఒకే పక్క నుంచి వరుసగా బిగిస్తూ పోతే మౌంట్ ఇసుమంత వాలుతుంది. అప్పుడు చార్టు ఫ్రేము మధ్యలో బాగుంటుంది, ఎడమ అంచు షార్ప్‌గా, కుడి అంచు సాఫ్ట్‌గా ఉంటుంది. అందుకని ఎదురెదురు స్క్రూలను కొద్దికొద్దిగా, ఒకదాని తర్వాత ఒకటి బిగిస్తారు. చార్టును మధ్యలోనే కాకుండా నాలుగు మూలలకీ తీసుకెళ్లి చూస్తారు. ఆ తర్వాత జూమ్‌ను టెలీ చివరికి తిప్పి, మొత్తం వరుసను మొదటి నుంచి ఇంకోసారి నడిపిస్తారు.